ముప్పై ఆరు గంటల డ్యూటీకి నియమాలు ఒప్పుకుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ సర్జరీ పీజీ రెండో సంవత్సరంలో ఉంది. కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే నాడు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే, మర్నాడు రాత్రికి గాని హాస్టల్‌కు చేరదు. మొన్న ఫోన్‌లో మాట్లాడుతూనే నిద్రపోయింది. దీనికి హద్దు లేదా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కాగితం మీద హద్దు ఉందమ్మా. జూనియర్ రెసిడెంట్లు, అంటే మీ అమ్మాయిలాంటి పీజీ డాక్టర్లు, సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పనిచేయాలని కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఆదేశించింది. అయితే జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పీజీ నిబంధనల్లో పనివేళలు ‘సమంజసంగా’ ఉండాలని మాత్రమే ఉంది. అంకె లేని ఆ మాటను ఎవరికి తోచినట్టు వారు సాగదీస్తున్నారని నా అభిప్రాయం.

అమెరికాలో రెసిడెంట్లకు 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి ఉన్నా, అది నాలుగు వారాల సగటు. అక్కడి జనరల్ సర్జరీ విభాగాల్లో జరిగి 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, షిఫ్టు నిడివిపై పరిమితిని సడలించినందువల్ల రోగులకు అదనపు హాని కనబడలేదు. కాబట్టి గంటలు తగ్గిస్తే చాలదు; డ్యూటీ చేతులు మారేటప్పుడు రోగి వివరాలు జారిపోకూడదు. రాత్రి ఆపరేషన్ చేసిన రోగి డ్రెయిన్‌లో (లోపలి ద్రవాన్ని బయటికి తీసే గొట్టంలో) ఎంత వచ్చింది, మూత్రం ఎంత పోశాడు అన్నది పొద్దున వచ్చేవారికి మంచం దగ్గరే నిలబడి అప్పగించాలి.

రాత్రి చేసినవారిని ఉదయం రౌండ్స్ తర్వాత పంపేయాలని పీజీలందరూ కలిసి విభాగాధిపతిని లిఖితపూర్వకంగా కోరవచ్చు. అంతవరకు, నైట్ డ్యూటీ దిగాక స్కూటీ నడపవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి.