వేడినీటి బుగ్గల మధ్య బైసన్ ఎదురైతే

ప్రశ్న: జులై చివరలో పిల్లలతో కలిసి అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి వెళ్తున్నాం. అక్కడి గీజర్లు (వేడినీటిని పైకి చిమ్మే బుగ్గలు), వేడినీటి బుగ్గల మధ్య వేసిన చెక్కబాటల మీదికి కూడా బైసన్లు (మన అడవిదున్నల్లాంటి భారీ జంతువులు) వస్తాయని విన్నాను. ఒకటి ఎదురుగా వస్తే, పక్కకు దిగి దానికి దారి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి దిగకండి. బాటకు ఇరువైపులా గట్టి నేలలా కనిపించే ఆ తెల్లని పొర చాలాచోట్ల పలుచని పెచ్చు మాత్రమే. దాని కింద సలసల కాగే నీరు ఉంటుంది. ఈ ఉద్యానవనంలో బుగ్గల వేడికి ఒళ్లు కాలి ఇంతవరకు 20 మందికి పైగా మరణించారు. చెక్కబాట దిగడం నిబంధనలకు కూడా విరుద్ధం. అంత బరువున్న జంతువు నడుస్తున్న చోట మనం నడవలేమా అనిపించవచ్చు గాని, ఆ బైసన్లే అప్పుడప్పుడు బుగ్గల్లో పడి చనిపోతుంటాయి.

అందువల్ల చేయవలసింది, వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం. బైసన్, ఎల్క్ (ఒక పెద్ద జాతి దుప్పి) వంటి వాటికి కనీసం 25 గజాల దూరంలో, ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 100 గజాల దూరంలో ఉండాలన్నది అక్కడి నియమం. జంతువే మీ వైపు నడిచి వచ్చినా, ఆ దూరం ఉండేలా తప్పుకోవలసింది మీరే. అది బాట పక్కనే పడుకుని నెమరు వేస్తుంటే, ఎంతసేపైనా ఆగండి, లేదా ఆ గీజరును చూడకుండానే తిరిగి రండి. దాదాపు 900 కిలోల బరువుండే మగ బైసన్ గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ఈ ఉద్యానవనంలో మనుషులను అన్నిటికన్నా ఎక్కువగా గాయపరచినది ఈ జంతువే. దాని తోకను గమనించండి: కిందికి వేలాడుతూ ఈగలను తోలుకుంటున్నంతసేపు అది సాధారణంగా ప్రశాంతంగా ఉన్నట్టే, తోక నిక్కబొడుచుకున్నా, గిట్టలతో నేల గీరినా, బుసకొట్టినా వెంటనే ఇంకా దూరం జరగాలి. మీరు వెళ్లేది వాటి జతకట్టే కాలం కాబట్టి మగవి మరింత చిరాకుగా ఉంటాయి.

పిల్లలకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. 2023 మేలో ఒక సందర్శకుడు, ఏరు దాటలేకపోతున్న బైసన్ దూడను జాలితో చేత్తో పట్టి గట్టుకు చేర్చాడు. ఆ తరువాత మంద దానిని చేర్చుకోలేదు, అది మనుషుల చుట్టూ, కార్ల చుట్టూ తిరగసాగింది, చివరకు సిబ్బంది దానిని చంపవలసి వచ్చింది.

బాట మీద నిలబడే చూడదగినవీ ఉన్నాయి. వేడినీటి కాలువల అంచున నారింజరంగు సూక్ష్మజీవుల పొర మీద చిన్న చిన్న ఈగలు మూగుతాయి. వాటిని ఏరుకు తినడానికి, మన తీతువుకు దగ్గరి చుట్టమైన కిల్‌డీర్ పిట్ట, మెడ కింద రెండు నల్లని పట్టీలతో, సన్నని కాళ్లతో గబగబా పరుగెత్తుతూ వస్తుంది.