ఫ్యాను ‘ఆన్ చేయబడును’ అనాలా, ‘తిరుగుద్ది’ అనాలా?

సందేహం: మాది సింగరాయకొండ. ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకునే పిల్లల కోసం కారు రేడియేటర్ ఫ్యాను వైరింగ్ గురించి తెలుగులో ఒక కాగితం రాస్తున్నా. ‘టెంపరేచర్ స్విచ్ ద్వారా రిలే, రిలే ద్వారా ఫ్యాను ఆన్ చేయబడును’ అని రాశాను (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్). పిల్లలేమో ‘స్విచ్ కలిస్తే రిలే ఆన్ అవుద్ది, ఫ్యాను తిరుగుద్ది’ అంటున్నారు. ఏది ఉంచాలి?

సమాధానం: పిల్లల మాటే ఉంచండి మాస్టారూ. కావాలంటే అవుద్ది, తిరుగుద్దిలను అవుతుంది, తిరుగుతుంది చేసుకోండి, వేరే జిల్లా వాళ్ళకీ పనికొస్తుంది. ‘చేయబడును’ తప్పని అనను, కర్మణి ప్రయోగం అని వ్యాకరణాల్లో ఉన్నదే, కానీ ‘ఇచ్చట టీ అమ్మబడును’ లాంటి బోర్డుల్లో, ఆఫీసు కాగితాల్లో తప్ప మన నోట్లోంచి రాదు. కనబడు, కష్టపడు లాంటివి వేరే, వాటిలో ఇంకొకరు చేశారన్న అర్థమే లేదు.

మనకి దాని అవసరం పెద్దగా ఎందుకు పడలేదంటే జంట క్రియలున్నాయి కాబట్టి. తిరుగు–తిప్పు, ఆగు–ఆపు, తెగు–తెంపు. వైరు తెగింది అంటే దానంతటదే, తెంపారు అంటే ఎవరో చేసిన పని. బయటి నుంచి వచ్చిన ‘ఆన్’కి కూడా ఆన్ అవు–ఆన్ చేయి అని జంట కట్టేసుకున్నాం, ఎవరూ నేర్పకుండానే.

ఇప్పుడు మీ ఫ్యాను సంగతి. నీళ్ళు 95 డిగ్రీల దగ్గరికి, బండిని బట్టి కాస్త అటూ ఇటూ, వేడెక్కితే స్విచ్ కలుస్తుంది, కలవగానే రిలేలో 85, 86 నంబర్ల పిన్నుల మధ్య ఉన్న కాయిల్‌కి ఎర్త్ దొరుకుతుంది, కాయిల్ పాయింట్లని లాగి కలుపుతుంది, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30 పిన్నుకి వచ్చిన కరెంటు 87 పిన్నులోంచి ఫ్యానుకి పోతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇన్ని పనులు చెప్పినా ఒక్క ‘బడు’ రాలేదు, ఎవరి పని ఎవరిదో తెలిసిపోయింది చూడండి. ఫ్యాను తిరగనప్పుడు ఆ పిల్లాడు వెతకాల్సింది ఇదే కదా, స్విచ్ కలవలేదా, కాయిల్ లాగలేదా, ఫ్యూజు పోయిందా అని. ‘చేయబడును’ అంటే చేసేది ఎవరో మరుగున పడిపోతుంది, వైరింగ్ నేర్పే కాగితంలో అంతకంటే నష్టం లేదు.

‘తిప్పు’ కూడా కావాల్సిన చోటుంది. ఫ్యాను మోటారు 15, 20 ఆంపియర్లు, పెద్దదైతే ఇంకా ఎక్కువే లాగుతుంది, కాయిల్‌కి మామూలుగా పావు ఆంపియర్ కూడా అక్కర్లేదు, అందుకే చిన్న స్విచ్ మీద అంత బరువు పెట్టకుండా మధ్యలో రిలే పెడతారు. ఇక్కడ ‘స్విచ్ రిలేని ఆన్ చేస్తుంది, రిలే ఫ్యానుని తిప్పుతుంది’ అని రాయండి, ఇద్దరూ కనిపిస్తారు. అలాగే ‘రిలేకి ఇవ్వబడిన వైరు’ వద్దు, ‘రిలేకి ఇచ్చిన వైరు’ చాలు, ‘కొన్న కారు’ అంటే కారే ఏదో కొన్నదని ఎవరూ అనుకోరుగా.

ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా మార్చండి. రిలే 86 పిన్నుకి కరెంటు ఇగ్నిషన్ (తాళం) నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చిన బండ్లలో తాళం తీశాక కూడా ఫ్యాను తిరగడం అందుకుంటుంది, మన రోహిణి కార్తె ఎండల్లో హైవే మీద నుంచి వచ్చి ఆపిన బండైతే మరీను. ‘ఇంజన్ ఆపిన పిమ్మట ఫ్యాను ఆన్ చేయబడవచ్చును’ అని ఉంటే ఎవరో వచ్చి స్విచ్ వేస్తారేమో అనుకుని పిల్లాడు వేలు పెడతాడు. ‘ఇంజన్ ఆపినా ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, బ్యాటరీ మైనస్ తీసేదాకా చెయ్యి పెట్టొద్దు’ అని పెద్ద అక్షరాలతో, కాగితం పైనే రాయండి.