పేరు పలక వెనక ఎవరున్నారో చూడు

చిట్టితల్లీ,

డెన్మార్క్ రాజ్యంలోని ఫారో దీవుల రాజధాని టోర్షావ్న్ వెళ్తున్నావని, ఆ దీవుల వాణిజ్య ఒప్పందాల మీదే థీసిస్ రాస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఊరంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎప్పుడూ గాలీ వానా ఉండే చోటు. మంచి రెయిన్‌కోటు కొనుక్కో, డబ్బు చూసుకోకు.

1948 స్వపరిపాలన చట్టం, 2005 విదేశాంగ చట్టం ఎలాగూ చదువుతావు. తమ చేతిలో ఉన్న విషయాల మీద ఫారో వాళ్ళే బేరమాడి సంతకం పెట్టొచ్చు, డెన్మార్క్ రాజ్యం తరఫున.

నేను తప్పు చేసింది ఇక్కడే. 2013లో జెనీవాలో లా ఆఫీసులో ఉన్నాను. హెర్రింగ్ చేపలు ఏ దేశం ఎన్ని పట్టాలనే వాటాలో తేడా వచ్చింది. పాత లెక్కలో 5.16 శాతం ఉన్న ఫారో, తనంతట తనే 17 శాతం పెట్టుకుంది. ఆగస్టులో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు ప్రకటించింది. ఫారో నుంచి వచ్చే హెర్రింగ్‌తో పాటు మాకెరెల్‌నీ ఆపేశారు, అదే, మన కానాగంతలకు చుట్టం. చేపల వ్యాపారి ఒకాయన అడిగాడు, "ఫారో వాళ్ళు ప్రపంచ వాణిజ్య సంస్థకి, అదే డబ్ల్యూటీవోకి, ఫిర్యాదుతో వెళ్ళగలరా?" అని. కాఫీ చల్లారేలోపు రెండు లైన్లు రాసిచ్చాను: ఫారోకి సొంత సభ్యత్వం లేదు, వెళ్తే డెన్మార్కే వెళ్ళాలి, అదేమో యూనియన్‌లో ఉంది, సొంతింటి మీద కేసు వేసుకుంటుందా?

వేసింది. నవంబర్ 4న, "ఫారో దీవులకు సంబంధించి" అంటూ, యూనియన్ మీదే. 1973లో డెన్మార్క్ అందులో చేరినప్పుడు ఫారో చేరలేదని నాకు తెలుసు. తెలిసీ, మీటింగ్ బల్ల మీది పలకపై డెన్మార్క్ అన్న పేరే చూశాను. మరుసటి ఆగస్టుకి రాజీ కుదిరి ఆంక్షలు పోయాయి. నా మాట నమ్మి బేరం వదులుకున్న ఆ పెద్దమనిషి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే మొత్తుకుంటున్నాను. మీటింగ్‌లో డెన్మార్క్ పలక దగ్గర కూర్చున్నాయనతోనే మాట్లాడి వచ్చేయకు. వెనక కుర్చీలో చేపల లెక్కలన్నీ ఒళ్ళో పెట్టుకుని ఒకరుంటారు, వాళ్ళని అడుగు. హాంకాంగ్‌కి బ్రిటిష్ పాలనలో ఉండగానే, 1986లో, డబ్ల్యూటీవోకి ముందున్న గాట్ ఒప్పందంలో సొంత కుర్చీ దొరికింది. మాకెందుకు లేదని ఫారో వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఆ మాట ఎత్తితే గంట మాట్లాడతారు, విను. నీకు మధ్యలో అందుకునే అలవాటుంది, చిన్నప్పుడు నా కథలన్నీ అలాగే పాడుచేశావు.

గోంగూర పచ్చడి మీ అమ్మ కడుతోంది. సీసా మూత నేనే బిగించి టేపు వేస్తాను. దిగగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

నీ పెదనాన్న