ఓరుగల్లులో మిరపకాయ బజ్జీలు

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. రుద్రమదేవి కాలం మీద కథ రాసింది. అందులో అవ్వ మనవడికి మిరపకాయ బజ్జీలు వేసి పెడుతుంది. తప్పా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: తప్పేనమ్మా. నేనూ చేశాను లెండి. నా మొదటి కథలో కాకతీయ సైనికుడు టమాటా పప్పు తిన్నాడు! ఆ రెండూ అమెరికా ఖండాల పంటలు. 1498 తర్వాతే పోర్చుగీసు ఓడల్లో ఇటొచ్చాయి. రుద్రమ 1289 నాటికే కన్నుమూసిందని చందుపట్ల శాసనాన్ని బట్టి తెలుస్తోంది. అవ్వ చేత మిరియాల చారు పెట్టించండి. మనవణ్ణి మోటుపల్లి రేవుకు పంపితే ఇంకా బాగు. ఓడ పగిలిన వర్తకుల సరుకు లాక్కోబోమని గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది అక్కడే. పిల్లాడు ఆ రాయి చదువుతుండగా తీరానికి ఓ చెక్కపేటె కొట్టుకొస్తే? బజ్జీలంటారా, కథ పూర్తయ్యాక మీ అమ్మాయికి మీరే వేసి పెట్టండి.