108 అంబులెన్సు మాటలు రేడియో స్కానర్‌లో వినొచ్చా?

ప్రశ్న: మాది కోవూరు, హైవే పక్కనే ఇల్లు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. డాలస్‌లో ఉండే మా మామయ్య రేడియో స్కానర్ తెచ్చిచ్చాడు. అక్కడ అంబులెన్సు వాళ్ళు ఆసుపత్రికి చెప్పే మాటలు ఆయన వింటుంటాడట. మన 108 ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుంది? యాక్సిడెంట్ అయితే ముందుగా వెళ్ళి సాయపడదామని.
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: 108 మీ స్కానర్‌కి దొరకదు. కాల్ సెంటర్ నుంచి పైలట్‌కి, అంటే అంబులెన్సు డ్రైవర్‌కి, కబురు సెల్‌ఫోన్ మీదే వెళ్తుంది. ఆ సంభాషణ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే బయటివాళ్ళకి అర్థం కాని సంకేతాలుగా మారి ఉంటుంది.

మీ మామయ్య మాట నిజమే. అమెరికాలో అంబులెన్సులు ఆసుపత్రులతో మాట్లాడటానికి 155.340 మెగాహెర్ట్జ్ పాత ఛానెల్. 462.950 నుంచి 463.175 దాకా పది ‘మెడ్’ ఛానెళ్ళున్నాయి. పారామెడిక్ రోగి వయసు, బీపీ, నొప్పి ఎప్పుడు మొదలైందీ, ఎన్ని నిమిషాల్లో చేరతారో చెప్తాడు. పేరు మామూలుగా చెప్పరు. అక్కడ కూడా ఇప్పుడు చాలాచోట్ల ఈ మాటల్ని ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారు.

మన దగ్గర చట్టం గట్టిది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఇతరుల సందేశాన్ని అక్రమంగా వింటే మూడేళ్ళ దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. స్కానర్‌కి లైసెన్సు సంగతి తేల్చుకునేదాకా ఆ పెట్టె తెరవకండి.

చట్టం పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి ఒంగోలులో రిటైరైనవాణ్ణి. సెట్‌లో విన్నది ఇంట్లో చెప్పకూడదని మాకు మొదటి రోజే చెప్పారు. పేరు లేకపోతే ఏం ఇబ్బంది అంటారేమో. డాలస్‌లో సరే. ‘పడుగుపాడు దగ్గర, అరవై ఏళ్ళ పెద్దాయన, పాల క్యాన్ల మోపెడ్’ అంటే చాలు, మీ ఊళ్ళో ఎవరో తెలిసిపోతుంది. వాట్సాప్ గ్రూపులో అది ఆయన భార్య కంటే ముందు ఊరంతా చదువుతుంది. ఒక్కోసారి మనిషి బతికే ఉంటాడు, ఈలోపే ఇంటి ముందు ఏడుపులు. ఇలాంటివి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సాయపడాలన్న మీ మనసు మంచిది. దానికి స్కానర్ అక్కర్లేదు. ప్రమాదం కంటపడితే 108కి చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె, బండి ఎటు పోతోందో, నెల్లూరు వైపా ఒంగోలు వైపా, అదీ చెప్పండి. అక్కడే చాలా సమయం పోతుంది. మంచి మనసుతో సాయపడిన వాళ్ళకి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది, భయపడొద్దు. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదమడం, గుండె ఆగితే ఛాతీ నొక్కే సీపీఆర్ చేయడం ఎక్కడైనా నేర్చుకోండి.

రేడియో మీద ఇష్టముంటే హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్ల లైసెన్సు తీసుకోండి. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 సునామీ వేళ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ హామ్ రేడియోతోనే అండమాన్ వాళ్ళ క్షేమ సమాచారాలు బయటికి పంపారు. 2021 నవంబరులో పెన్నా పొంగి మీ పక్కనే రైలు పట్టాలు, హైవే తెగాయి కదా. అలాంటప్పుడు టవర్లకి కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచే సెట్టూ, దాన్ని వాడటం తెలిసిన మీలాంటి కుర్రాడూ కావాలి.