ఇంజినీరు కొడుకు లాయరవుతానంటే

ప్రశ్న: మా అబ్బాయి సివిల్‌లో బీటెక్, వయసు 29. హైదరాబాద్‌లో ఓ నిర్మాణ సంస్థలో సైట్ ఇంజినీరు. ఉద్యోగం మానేసి ఎల్‌ఎల్‌బీ చేస్తానంటున్నాడు. చదివిన చదువు వృథా కాదా? సంబంధాలు చూస్తున్న టైంలో ఇదేంటని బంధువులు అడుగుతున్నారు. అంతగా అయితే పేటెంట్ లా చేయించమని కొందరంటున్నారు. ఉద్యోగమా, లాయర్ వృత్తా, పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ముందు కంగారు తగ్గించుకోండి. నెలనెలా వచ్చే జీతం ఆగిపోతే పిల్లాడు ఏమైపోతాడోనన్నది మీ అసలు భయం. అందులో తప్పు లేదు. కానీ మీ ఉత్తరంలో బంధువులున్నారు, సంబంధాలున్నాయి. బాబు లా ఎందుకు చదవాలనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా? వాణ్ణి అడగకుండా నన్నడగడం సరికాదండీ. 29 పెద్ద వయసేం కాదు, పెళ్లి చూపుల కోసం వాడి ముప్ఫై ఏళ్ల పనిని తేల్చేయకండి.

బీటెక్ ఎక్కడికీ పోదు. కాంట్రాక్టు తగాదాల్లో గొడవంతా బిల్లులు, ఎం-బుక్‌లో (చేసిన పని రాసుకునే పుస్తకం) కొలతలు, అదనపు పనులు, గడువు ఎవరివల్ల దాటిందన్న దాని చుట్టూనే తిరుగుతుంది. కోర్టు బయట మధ్యవర్తి ముందు తేల్చుకునే ఆర్బిట్రేషన్లోనైనా, రియల్ ఎస్టేట్ తగాదాలు చూసే రెరాలోనైనా డ్రాయింగు చదవగలిగిన లాయరుకుండే పట్టు వేరు. సైటు మీద ఎండలో నిలబడి నేర్చుకున్నది మీవాడికి అక్కడ పనికొస్తుంది.

పేటెంట్ లా విషయంలో మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇంజినీరు లా వైపు వస్తానంటే చాలు, ఈ మధ్య అందరూ అదే చెబుతున్నారు. కొత్త ఆవిష్కరణల మీద హక్కుల కోసం దరఖాస్తులు నడిపే పేటెంట్ ఏజెంటు కావడానికి ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే చాలు. అదే కావాలనుకుంటే మూడేళ్లు లా కాలేజీకి తిరగడం దేనికి? పైగా అది ఎక్కువగా కూర్చుని చేసే రాతపని: ఆవిష్కరణను వివరంగా రాయాలి, ఎగ్జామినర్ అభ్యంతరాలకు జవాబులివ్వాలి. ఫార్మా, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లకున్నంత గిరాకీ అందులో సివిల్ వాళ్లకు నేను చూడలేదు. మేస్త్రీలతో, కాంట్రాక్టర్లతో రోజంతా మాట్లాడే కుర్రాడికి అది నచ్చుతుందో లేదో వాణ్ణే చెప్పనివ్వండి. ఇక ఆన్‌లైన్ సైబర్ లా సర్టిఫికెట్లంటారా, వాటితో కోర్టులో వాదించే హక్కు రాదు.

పోలిక అడిగారు. డబ్బులో మొదటి కొన్నేళ్లు ఉద్యోగానిదే పైచేయి. నగరాల్లో సీనియర్ల దగ్గర పనిచేసే జూనియర్ లాయర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలివ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, అందరూ ఇవ్వరు. బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యాక ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయకూడదు. జడ్జి పరీక్ష రాద్దామన్నా, 2025 మే నాటి సుప్రీంకోర్టు తీర్పుతో దానికి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. "హాజరు మేం చూసుకుంటాం, ఉద్యోగం చేసుకోండి" అనే కాలేజీల దరిదాపులకు వెళ్లనివ్వకండి. 70 శాతం హాజరు నిబంధన, దొంగ హాజరుతో మొదలయ్యే వకాలత్ మనకొద్దు.

బాబును ఓ వారం సెలవు పెట్టి సిటీ సివిల్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోమనండి. వాయిదా మీద వాయిదా పడటం కళ్లారా చూడనివ్వండి. అప్పటికీ లా కావాలంటే ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి: చదువు మూడేళ్లు, ఆ పైన కనీసం రెండేళ్లు ఇల్లు ఎలా గడుస్తుంది, ఈఎంఐలేమైనా ఉన్నాయా అని. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మంచి కాలేజీలో సీటు ఖాయమయ్యేదాకా రాజీనామా ఇవ్వొద్దని చెప్పండి.