ఇన్ని బొమ్మలున్నా ఇంట్లో పిల్లికి ఎందుకు బోర్ కొడుతుంది?

పిల్లికి కావలసింది బొమ్మలు కాదు, వేట. అందుకే రోజూ రెండుసార్లు, 10-15 నిమిషాల చొప్పున మీరే దానితో ఆడాలి. పొంచి చూడటం, వెంటాడటం, పట్టుకోవడం, తినడం దాని స్వభావం. ఫ్లాట్‌లో గిన్నె నిండా తిండి సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆ హుషారంతా కర్టెన్ల మీదికీ మీ కాళ్ల మీదికీ మళ్లుతుంది. కదలకుండా పడి ఉన్న బంతిలో దానికి వేట కనిపించదు.

ఉదాహరణకు, కర్రకు తాడు, తాడు చివర ఈక కట్టండి. సోఫా చాటుకు మెల్లగా లాగి, కాసేపు ఆపి, చటుక్కున మళ్లీ లాగండి. ఈకను పిల్లి ముఖం మీదికి తేవద్దు, నిజమైన ఎలుక ఎదురొచ్చి నిలబడదు కదా! చివర్లో తప్పకుండా పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. ఆట అయ్యాక తాడు మాత్రం దాచేయాలి; మింగితే పేగుల్లో చిక్కుకుని ప్రాణం మీదికి వస్తుంది.

"రోజంతా పడుకునే పిల్లికి ఆటెందుకు?" అని చాలామంది పొరబడతారు. పిల్లి రోజుకు 12-16 గంటలు నిద్రపోవడం మామూలే. కానీ తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ చాలా చురుగ్గా ఉంటుంది. ఆడించాల్సింది అప్పుడే.